చిత్రావతి సీమలో పూటకూళ్ళ యిండ్లు

“పూటకూళ్ళమ్మ పుణ్యమెఱుగునా?” అని మనలో నొక సామెత కలదు. ధర్మమునకు పెట్టునది సత్రము, డబ్బునకు పెట్టునది పూటకూళ్ళ యిల్లు. కావున అన్నము నమ్ముకొనెడి యామెకు పుణ్యముతో నేమి పని యని దాని తాత్పర్యము. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములవారికి ఈ సామెతయు తెలియును, సామెతలోని యిల్లును తెలియును. మన తాతముత్తాతలు వ్యాజ్యములకును, పెండ్లిచూపులకును, వైద్యమునకును బండ్లు కట్టుకొని పోవునపుడు, భార్యాబిడ్డలతో కూర్చుండి వేడియన్నము తినదగిన చోటు త్రోవలో నేదైన నున్నదన్నచో నది పూటకూళ్ళ యిల్లే. అట్టి యింటిని గూర్చి మన భాషలో మిగిలినది ఒక ఎత్తిపొడుపు మాట మాత్రమే యగుట మాకు న్యాయముగా తోపలేదు. కావున ఆ యింటి పూర్వకథను, అది మన సీమలో నిలిచిన తీరును, అది పోయిన పిమ్మట దాని చోట వచ్చినవానిని ఈ వ్యాసమున విచారింప బూనితిమి.

ముందు పేరును చూతము. కూడు అనగా అన్నము. కూళ్ళు దాని బహువచనము. ఒక పూటకు చాలినంత కూడు వెలకు దొరకు నిల్లు గనుక పూటకూళ్ళ యిల్లు. నాగరికులు కొందఱు కూడను మాటను మోటుగా నెంచుచున్నారు గాని మన పల్లెలలో నది యింటిమాటయే. కన్నడమునను కూళు అను మాట కలదు. ఇరుభాషల నడుమ బ్రదుకువారికి ఇట్టి మాటలు రెండిండ్లకు నడిమి గోడవంటివి. గోడ యొక్కటే, చుట్టములు రెండు వైపుల.

ఈ యిల్లు క్రొత్తది కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించు క్రీడాభిరామమున నిది మనకు కనబడుచున్నది. ఆ గ్రంథము వినుకొండ వల్లభరాయని పేర నున్నది. శ్రీనాథునిదే యని వాదించిన పండితులును కలరు. ఆ తగవుతో మనకిచట పని లేదు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రు లిరువురు నగరమంతయు చుట్టి వచ్చుచు, ఆకలిగొన్నవారై, లక్ష్మణవజ్ఝల యింటి భోజనమును తలచుకొందురు. ఒక్క రూకకు అచట దొరకున దేమనగా: మేలిజాతి బియ్యపు అన్నము, గోధుమపిండితో చేసిన వంట, చక్కెర, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకొనుటకు నాలుగైదు రకములు, తుదకు పెరుగు. వెలను, వంటకముల వరుసను ఇంత నిక్కచ్చిగా పద్యమున కెక్కించిన కవి మఱియొకడు మన భాషలో అరుదు. నేటి భోజనశాలల గోడమీద వ్రేలాడు ధరల పట్టికకు పూర్వీకుడెవడని యెవరైన నడిగినచో మే మీ పద్యమునే చూపుదుము. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున రాజుల యుద్ధములకంటె ఇట్టి వివరములకే యెక్కువ మన్నన నిచ్చిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు తొలి బహుమానము నా గ్రంథమునకే యిచ్చుట సముచితముగ నున్నది.

శ్రీనాథుని చాటువొకటి మన సీమవారికి మఱింత దగ్గఱిది. ప్రౌఢదేవరాయల దర్శనమునకై కన్నడ రాజధానికి పోయిన కవిసార్వభౌముడు అచటి వేషమును, భోజనమును తలచుకొని నొచ్చుకొన్నాడు. తలకు కుల్లాయి పెట్టుకొన్నానని, పొడవాటి అంగీ తొడిగితినని, ఒక విధవరాలు వడ్డింపగా వెల్లుల్లియు నువ్వుల పిండియు తిన్నానని, మజ్జిగ కలిపిన అంబలి త్రావితినని, ఇంత చేసినను కన్నడ రాజ్యలక్ష్మికి దయ లేదా యని మొఱపెట్టుకొన్నాడు. పండితులు దీనిని కవి యభిమానమునకు ఉదాహరణముగ చదువుదురు. మేము మఱియొక విధముగ చదివితిమి. పరదేశమునుండి వచ్చిన తెలుగువాడు ఆకలితో నున్నాడు. ఎవరో ఒక దిక్కులేని స్త్రీ అతనికి అంబలి పోసినది. పదునైదవ శతాబ్దిలో కన్నడ దేశమున తెలుగు బాటసారికి కూడు పెట్టిన యామె ఆ పద్యమున కొక నిమిషము కనబడి మాయమైపోవుచున్నది. అంబలిని నిందించుటకు కవికి హక్కున్నది; ఆ రుచి ఆయన యెఱిగినది కాదు. కాని మజ్జిగ కలిపిన రాగి అంబలి త్రాగి పెరిగిన మనకు ఆ నింద కొంచెము చివుక్కుమనిపింపక మానదు.

సత్రము వేఱు, పూటకూళ్ళ యిల్లు వేఱు. గుంటూరు మండలమున మల్కాపురము నందలి శాసనము, క్రీ. శ. 1261 నాటిది, గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యుని ధర్మములను వివరించుచున్నది. ఆ గ్రామమున ప్రసూతిశాల యున్నది, ఆరోగ్యశాల యున్నది, విద్యాశాల యున్నది. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలుకొని చండాలునివఱకు వచ్చినవారి కెల్ల అన్నము పెట్టవలెనని విధింపబడినది. ఏడువందల యేండ్ల క్రిందట నొక మఠాధిపతి రాతిమీద చెక్కించిన ఈ మాటను మనము మఱవరాదు. ఏలయనగా, తరువాతి కాలమున పెక్కు సత్రములును, పూటకూళ్ళ యిండ్లును ఈ మాటను నిలుపుకొనలేదు. పూటకూళ్ళ యిల్లు సాధారణముగా బ్రాహ్మణ గృహము. మడి వంట; పంక్తి భోజనము; పంక్తిలో కూర్చుండదగినవా రెవ్వరో గడప యొద్దనే తేలిపోయెడిది. రూక యున్నంత మాత్రమున లోనికి పోవుట కుదిరెడిది కాదు.

ఇక ఈ యిండ్లను నడపిన వారెవ్వరు? క్రీడాభిరామమున నొక పురుషుని పేర నిల్లున్నది గాని, తరువాతి శతాబ్దులలో ఈ వృత్తి హెచ్చుగ విధవల చేతికి వచ్చినది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును 1892లో ప్రదర్శించిరి, 1897లో అచ్చువేసిరి. విజయనగరమునందలి పూటకూళ్ళమ్మ అందొక పాత్ర. గిరీశమామె యింట తిని, అంగడినుండి సామాను తెచ్చిపెట్టెదనని యిరువది రూపాయలు పుచ్చుకొని, వేశ్య పాలుచేసినాడు. ఆమె చీపురుకట్ట పట్టుకొని అతనిని వెదకుచు వచ్చిన ఘట్టమునకు నూఱేండ్లకు పైగా ప్రేక్షకులు నవ్వుచున్నారు. మేమును నవ్వితిమి. అయినను ఒక సంగతి గమనింపవలెను. ఆ నాటకమున బుచ్చమ్మకు పేరున్నది, మధురవాణికి పేరున్నది. పూటకూళ్ళమ్మ మాత్రము పూటకూళ్ళమ్మయే. మఱియొక సంగతి: ఆ కాలమున నిరువది రూపాయలు సామాన్యమైన మొత్తము కాదు. అంత సొమ్ము చేత నుంచుకొని, సరకు మొత్తముగా కొని, పద్దు వ్రాసికొని వ్యాపారము చేసిన స్త్రీ యామె. ఊరిలో నింకెవ్వరును ఆడువారిని వర్తకులుగ నెంచని దినములలో నామె వర్తకురాలు. మోసపోయినదన్న మాట నిజమే. మోసపోవుటకు తగినంత ధనము తన కష్టముచేత కూడబెట్టినదన్న మాటయు నిజమే.

ఆమె ఈ వృత్తి నేల పట్టినదన్న ప్రశ్నకు ధర్మశాస్త్రము కంటె ఆస్తిచట్టము సరియైన జవాబు చెప్పగలదు. ఉమ్మడి కుటుంబమున భర్త పోయినచో భార్యకు దక్కునది తిండియు బట్టయు మాత్రమే, భాగము లేదు. మైసూరు సంస్థానమున 1933లో హిందూ స్త్రీల హక్కుల చట్టము వచ్చినది. బ్రిటిషు ఇండియాలో అట్టి చట్టము 1937వఱకు రాలేదు; ఈ విషయమున మన సంస్థానము నాలుగేండ్లు ముందున్నది. స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణాధికారము కలిగించిన హిందూ వారసత్వ చట్టము 1956 నాటిది. అంతకు పూర్వము, మఱదులు విడిచిన పాత యింటిలో రెండు గదులు, ఒక వంటయిల్లు, ఒక బావి మిగిలిన స్త్రీకి రెండే దారులు: పరుల యింట వంటకు కుదురుట, లేదా తన యింటనే పరులకు వండిపెట్టుట. రెండవ దారిలో తలుపు తన చేతిలో నుండును. పునర్వివాహ చట్టము 1856లోనే వచ్చినను, వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిపించుటకు 1881వఱకు పట్టినది. ఆ దారి మన యిండ్లలో నెంతమందికి తెఱచియుండెనో పాఠకులే యూహింపగలరు.

మన సీమ సంగతికి వత్తము. బెంగుళూరునుండి హైదరాబాదునకు పోవు రాజమార్గము దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురము, పేరేసంద్ర, బాగేపల్లి దాటి పెనుకొండ వైపు సాగుచున్నది. బాగేపల్లినుండి బెంగుళూరునకు సుమారు నూఱు కిలోమీటర్లు, అనగా అఱువది మైళ్ళకు పైమాట. ఎద్దుబండి గంటకు రెండు మైళ్ళకు మించి పోదు. ఎండ ముదిరిన తరువాత ఎడ్లను విప్పవలెను. దినమునకు పదునైదు మైళ్ళన్నచో మంచి నడక. కావున ఈనాడు రెండు గంటలలో తీరిపోవు ప్రయాణము ఆనాడు నాలుగు దినములు. నాలుగు దినములనగా ఎనిమిది పూటలు. ఇంటనుండి కట్టుకొని వచ్చిన సద్ది మొదటి దినమునకు సరి, రెండవనాటికి పులిసిపోవును. పసిబిడ్డలున్నచో సమస్య యింకను కఠినము. పూటకూళ్ళ యిండ్లకు త్రోవలపై గిరాకి యేల కలిగెనో ఈ లెక్కయే చెప్పుచున్నది.

1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి 1831 సెప్టెంబరున తిరిగివచ్చిన యేనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రమున ప్రతి మజిలీ వద్ద దిగుటకు వసతి యున్నదా, పదార్థములు దొరకునా యని వ్రాసికొనుచు పోయిరి. పరివారముతో, డేరాలతో పయనించిన సంపన్నునకే ఈ చింత తప్పలేదన్నచో, గంపెడు సామానుతో, చంకబిడ్డతో పోయెడి మధ్యతరగతి గృహస్థునకు త్రోవలో నొక ఆడుదిక్కున్న యిల్లు దొరకుట యెంత యూఱటయో చెప్పనక్కఱలేదు. సత్రమున చోటు దొరకవచ్చును; స్వయంపాకమునకు బియ్యము, కట్టెలు దొరకవచ్చును. కాని కాళ్ళు కడుగుకొనుటకు నీళ్ళిచ్చి, పిల్లవానికి ముందుగా నింత చారన్నము కలిపి పెట్టి, బాలింతరాలికి చాటుగ నొక మూల చూపువారు సత్రమున నెవ్వరు? ఈ గుణమే పూటకూళ్ళ యింటిని కుటుంబములు పోదగిన చోటుగ చేసినది. డబ్బు పుచ్చుకొన్నదని దీనిని పుణ్యము కాదందుమా?

ఇంటి పద్ధతి చాల సులువైనది. ఎందఱు భోజనమునకు వత్తురో ముందుగ చెప్పవలెను; చెప్పిన పిమ్మటనే యెసరు. మోదుగాకులు కుట్టిన విస్తరి. పప్పు, ఒక కూర, చారు, మజ్జిగ, పండుగనాడైనచో ఒబ్బట్టు. ఊరిలో ఉద్యోగమునకు వచ్చిన గుమాస్తాలకును, ఉపాధ్యాయులకును నెలకింతయని ఖాతా. చదువుకొను పిల్లలకు వేఱొక యేర్పాటుండెడిది. దానికి వారములని పేరు. ఆదివారమొక యింట, సోమవారమొక యింట, ఇట్లు ఏడిండ్ల దయవలన ఏడు దినములు గడచును. కన్నడిగులు దీనినే వారాన్న మందురు. మన రెండు భాషల పెద్దలలో వారములు చేసికొని చదివినవా రనేకులు. వారములు కుదరని దినమున పిల్లవాడు పోవునది పూటకూళ్ళ యింటికే.

మన సీమ తిండి రాగి. ఉత్తర కోస్తావారు చోళ్ళనియు, తెలంగాణమువారు తైదలనియు పిలుచు ఈ ధాన్యమే మన మెట్టపొలముల బలము. చిత్రావతి నందికొండల చెంత పుట్టి మన బాగేపల్లి మీదుగ ఆంధ్రదేశమునకు పోవుచున్నను, ఏడాదిలో నెక్కువ భాగము ఇసుకయే. చెఱువు నిండినచో వరి, నిండకున్నచో రాగి. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో పరగోడు వద్ద చిత్రావతిపై కట్టిన ఆనకట్టను గూర్చి రెండు రాష్ట్రముల నడుమ వివాదము చెలరేగి, ఆ చిన్న పల్లె పేరు పత్రికలలో మాఱుమ్రోగినది. త్రాగునీటికే తగవు పడవలసిన సీమలో వరియన్నము ప్రతిదినపు వస్తువు కాజాలదు గదా. అందువలన పూటకూళ్ళ యింటి తెల్లని అన్నము ఒక మర్యాదకు గుర్తుగ నుండెడిది. ఇంట ముద్ద తినువాడు త్రోవలో అన్నము తినును. ఈనాడు పట్టణవాసులు ఇంట అన్నము తిని, కారులెక్కి వచ్చి, ముద్ద దొరకు హోటలు నడుగుచున్నారు. కాలము విస్తరిని త్రిప్పి వేసినది.

ముద్దతోపాటు మన సీమకు ప్రత్యేకమైనవి కొన్ని కలవు. ఉలవలు ఉడికిన నీటితో కాచిన చారు. ఆకుకూరలును బేడలును ఉడికించి, నీరు వంచి, ఆ నీటితో చేయు బస్సారు. చలికాలమున అనపకాయలు వచ్చినప్పుడు గింజలను నానబెట్టి, వ్రేళ్ళతో పితికి, తొక్కు తీసి వండు పితికిన పప్పు. ఈ చివరిదానికి ఓపిక కావలెను. శేరు గింజలు పితుకుటకు ఇంటిల్లిపాదియు చుట్టు కూర్చుండవలసినదే. హోటళ్ళవారు దీనిని చేయుచున్నారు గాని మాకు తృప్తి కలుగలేదు. కూలికి పితికిన పప్పునకును, కబుర్లతో పితికిన పప్పునకును రుచి వేఱు.

ఇంతవఱకు గడప లోపలి మాట. గడప వెలుపలి వారి మాట చెప్పనిచో ఈ చరిత్రము సగమే. పూటకూళ్ళ యింటిలోనికి పోజాలని బాటసారు లెట్లు తినిరి? రైతు ముద్దను గుడ్డలో మూటకట్టుకొని వచ్చి, చింతచెట్టు క్రింద కూర్చుండి, దగ్గఱి యింట మజ్జిగ అడిగి తాగెడివాడు. బండివారు మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించుకొనెడివారు. అంటరానివారుగ నెంచబడిన వారికి బావినీరు సైతము ఇతరులు తోడి పోయవలసినదే. మధ్యాహ్నపుటెండలో దోసిలి పట్టి నిలుచున్నవాని కథను మన కావ్యములలో నెవ్వరును రూక వెలతో వ్రాయలేదు. మల్కాపురపు శాసనమునకును ఈ గడపకును నడుమనున్న దూరమును మనము నిజాయితీతో కొలువవలెను.

కల్లంగడి సంగతి వేఱు. మన సీమలో ఈతచెట్ల కల్లు ప్రసిద్ధము. అది ఊరి వెలుపల, ఆడువారు పోరాని చోటు. వేయించిన శనగలో, ఉడికించిన గుగ్గిళ్ళో తప్ప భోజనమచట లేదు. సారాయి గుత్తలు వచ్చిన పిమ్మట అదియు చెడినది. కర్ణాటక ప్రభుత్వము 2007 జూలైలో సారాయిని నిషేధించినది. మన పిల్లలు కొందఱు ఇంగ్లండున ఉద్యోగములు చేయుచు, ఆదివారమునాడు పల్లెటూరి పబ్బునకు భార్యాబిడ్డలతో పోయి భోజనము చేసితిమని వ్రాసినపుడు ఇచటి పెద్దలు ఉలికిపడుట యిందువలననే. వారి మనస్సున కల్లంగడి మెదలును. నిజమునకు పబ్బు కల్లంగడియు పూటకూళ్ళ యిల్లును కలిసినట్టిది. ఛాసరు కవి పదునాలుగవ శతాబ్ది చివర వ్రాసిన కథలలో కాంటర్‌బరీ యాత్రికులు లండను చెంత టాబర్డను పూటకూళ్ళ యింటనే కలిసికొనిరి; మన మంచనశర్మ కథయు ఇంచుమించు ఆ కాలపు ముచ్చటయే. అయితే పిల్లలతో పబ్బునకు పోవుట అచటను సనాతనము కాదు. 1908 నాటి చట్టము పదునాలుగేండ్ల లోపు పిల్లలను మద్యము పోయు గదిలోనికి రానీయరాదని శాసించినది. భోజనము ప్రధానమై, కుటుంబములు వచ్చి కూర్చుండు పద్ధతి అచట గత శతాబ్ది ఉత్తరార్ధమునుండియే బలపడినది. అనగా వారు మద్యశాలను భోజనశాలగ మార్చుకొని కుటుంబమును పిలిచిరి; మనవారు మొదటినుండియు కుటుంబమును పిలిచి, సగము లోకమును గడప వెలుపల నిలిపిరి. ఏది మేలో మేము తీర్పు చెప్పబోము గాని, రెండవదానిని గూర్చి గర్వపడుటకు ముందు కొంత జంకవలెను.

ఈ యిండ్లకు తొలి దెబ్బ రైలు కొట్టినది. 1910 తరువాతి సంవత్సరములలో సన్నపట్టాల రైలు కోలారు, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురములను కలిపినది. నాలుగు దినముల ప్రయాణమున్న చోట నొక పూట ప్రయాణము వచ్చినచో ఏడు పూటల కూడు మిగిలిపోయినట్లే. (ఆ సన్నపట్టాలు పోయి పెద్దపట్టాలు పూర్తియగుటకు 2013వఱకు పట్టినది.) బాగేపల్లికి రైలు రాలేదు, బస్సు వచ్చినది. రైలుతో, బస్సుతో కాఫీ హోటళ్ళు వచ్చినవి. దక్షిణ కన్నడమునుండి వచ్చిన ఉడిపి బ్రాహ్మణులు వంటను పురుషుల వృత్తిగ మార్చి, పట్టణములందు స్థిరపడిరి. బెంగుళూరున 1924లో పరంపళ్ళి యజ్ఞనారాయణ మయ్యగారు సోదరులతో స్థాపించిన భోజనశాల, నేడు ఎం. టి. ఆర్. అను పేర లోకమెఱిగినది, ఆ వరుసలోనిదే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బియ్యము దొరకనపుడు రవ్వ ఇడ్లీని కనిపెట్టినవారు తామేయని ఆ సంస్థవారు చెప్పుకొందురు. హోటలు శుభ్రమైనది, శీఘ్రమైనది, చవుకయు. పూటకూళ్ళమ్మ పోటీకి నిలువలేకపోయినది. ముందుగ చెప్పిన పిమ్మట ఎసరు పెట్టునది, బస్సు ఆగిన పది నిమిషములలో వడ్డింపగలదా?

హోటలు వచ్చినంతనే గడప పోలేదు. బ్రాహ్మణులకు వేఱు గది, ఇతరులకు వేఱు బల్లలు. హరిజనులకు వెలుపల వేఱు గ్లాసు. స్త్రీలకును హోటలు తగని చోటుగనే యెంచబడినది. పూటకూళ్ళ యింట భర్త చెంత నిర్భయముగ కూర్చుండిన స్త్రీ, హోటలు వచ్చినపుడు బస్సులోనే కూర్చుండి, భర్త తెచ్చిన పొట్లము విప్పుకొనవలసి వచ్చినది. హోటలువారు కొంతకాలమునకు ఫ్యామిలీ రూములని పేరు పెట్టి, చెక్క తడికలు కట్టి, తెరలు వ్రేలాడదీసిరి. ఆ తెరల వెనుక కూర్చుండి మసాలా దోసె తినిన తరము ఇంకను మన నడుమ నున్నది. చిన్నపిల్లల కది యొక నాటకశాలవలె నుండెడిది.

1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగపు పదునైదవ అధికరణము అంగళ్ళలోను, భోజనశాలలలోను, హోటళ్ళలోను మత, జాతి, కుల, లింగ, జన్మస్థాన భేదములచేత నెవ్వరిని నిరోధింపరాదని నిర్దేశించినది. కులముతోపాటు లింగ భేదమును సైతము చేర్చిరని పాఠకులు గమనింతురుగాక. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము దానికి శిక్షను జోడించినది. మల్కాపురమున రాతిమీద నున్నది కాగితముమీదికి వచ్చుటకు ఏడువందల యేండ్లు పట్టినది. కాగితమునుండి గ్లాసువఱకు వచ్చుటకు మఱికొంత కాలము పట్టినది. చట్టము వచ్చిన పెక్కేండ్లకును పల్లె టీ యంగళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి కొనసాగినదని ఎఱుగనివారు లేరు.

మన సీమలో ఈ గడపను ఎక్కువగ అఱగదీసినది, మా యభిప్రాయమున, ఉడిపి హోటలు కాదు, మిలిటరీ హోటలు. పేరెట్లు వచ్చినదని అడిగినచో నొక్కొక్కరు నొక్కొక్క కథ చెప్పుదురు. మాంసాహారము దొరకు చోటని అర్థము మాత్రము స్పష్టము. రాగిముద్ద, మాంసపు సారు, ఒక బల్ల. ప్రక్కన కూర్చుండినవా డెవడని అడుగువాడు లేడు. బండివాడును, వ్యాపారియు, సంతకు వచ్చిన రైతును అచట నొకే బల్లవద్ద ముద్ద విఱిచిరి. ఆడువారు మాత్రము అచటను చాలకాలము వంటయింటిలోనే యుండిరి, బల్ల వద్దకు రాలేదు. పూటకూళ్ళ యింట స్త్రీ యజమానురాలు, కులము ద్వారపాలకుడు. మిలిటరీ హోటలున కులము సడలినది, స్త్రీ కనబడలేదు.

ధర్మమునకు పెట్టు పద్ధతియు మన సీమనుండి పోలేదు. గాజులమ్ముకొని యూరూర తిరిగి, తుదకు యోగియై, తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడిన కైవారము నారాయణప్పగారి క్షేత్రమున నేటికిని వచ్చినవారికి అన్నము పెట్టుచున్నారు. గోదావరి మండలపు లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలిగొన్నవాని కులమడుగక పెట్టిరని లోకము కీర్తించినది. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టినది. ఆమె కీర్తి న్యాయమైనది. ఊరకే పెట్టిన యామెకు పేరు దక్కినది; శ్రీనాథునికి అంబలి పోసిన యామెకును, గిరీశమునకు అన్నము పెట్టిన యామెకును, మన త్రోవలో మన తాతలకు వడ్డించిన యామెకును పేరు లేదు. ఆకలికి రెండు అన్నములును ఒక్కటే.

ఈనాడు చిక్కబళ్ళాపురమునుండి బాగేపల్లివఱకు నలువది నాలుగవ నంబరు జాతీయ రహదారికి ఇరుప్రక్కల భోజనశాలలే. పుట్టపర్తికి పోవు భక్తులును, హైదరాబాదునకు పోవు ఉద్యోగులును దిగుచున్నారు. కుటుంబములు తెరలు లేకయే కూర్చుండి తినుచున్నవి. మనుమరాండ్రు తమకు కావలసినది తామే అడిగి తెప్పించుకొనుచున్నారు. బోర్డు కన్నడమున నుండును. వడ్డించువానిని తెలుగున పలుకరించినచో తెలుగుననే బదులు వచ్చును. 1956లో రాష్ట్రములు భాషలనుబట్టి విడిపోయినను కోలారు మండలము మైసూరుననే యుండుటచేతను, 2007లో చిక్కబళ్ళాపురము వేఱు జిల్లా యగుటచేతను మన విస్తరి మారలేదు. ఊరిలోపలి వీధులలో మెస్సని బోర్డు కట్టి, తమ యింటి ముందుగదిలోనే నాలుగు బల్లలు వేసి, పది పదునైదుగురికి వండిపెట్టు గృహిణులును కలరు. వారు తమ్ము పూటకూళ్ళమ్మలని పిలుచుకొనరు. ఆ మాటనిన నొచ్చుకొనవచ్చును గూడ. సామెత చేసిన పని యది.

మన సంఘ కుటుంబములలో, మూడు తరముల క్రిందట త్రోవ ప్రక్కన వండిపెట్టి బిడ్డలను చదివించిన స్త్రీలున్న యిండ్లు తప్పక యుండును. అట్టి యింట పాత లెక్కపుస్తకమో, నెల ఖాతా చీటీయో, ఆమె వాడిన ఇత్తడి గుండిగయో మిగిలియున్నచో సంఘమునకు తెలియజేయవలెనని కోరుచున్నాము. గుండిగ మీద పేరు చెక్కించు అలవాటు మన యిండ్ల కున్నది. ముందుగ ఆ పేరును చదివి వ్రాసి పంపుడు.